ముందు ఖాళీ త్రాసు చూడండి: చర్మంపై పూసే మందుల పరీక్షలకు నియమాలు రాసే కమిటీలకు బహిరంగ లేఖ

కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

నేను టేపులు పీకే మనిషిని. క్రీమ్ పూసిన చోట అంటుకునే టేపు వేసి, ఒత్తి, పీకి, దానికి అంటుకొచ్చిన చర్మపు పొట్టులో మందు ఎంతుందో హెచ్‌పీఎల్‌సీ అనే, పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం మీద కొలవడం నా పని. చాలా ఏళ్లుగా ఇదే. మధ్యలో కొన్నాళ్లు మైక్రోడయాలిసిస్ (చర్మం లోపల సన్నటి గొట్టం దూర్చి కొలిచే పద్ధతి) చేసే బృందంతో ఉన్నాను, తీసేసిన చర్మాన్ని గాజు గదుల మధ్య బిగించి కొలిచే ఫ్రాంజ్ సెల్స్ ముందు రాత్రిళ్లు కూర్చున్నాను, వాలంటీర్లు తక్కువైనప్పుడు నా ముంజేయి కూడా ఇచ్చాను. కాబట్టి ఏ పద్ధతి మీదా నాకు ప్రత్యేకమైన ప్రేమ లేదు, పగా లేదు. అన్నిటి చేతిలోనూ దెబ్బలు తిన్నాను.

మీలాంటి కమిటీలు కూర్చున్న ప్రతిసారీ చర్చ తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చి ఆగుతుంది: మనిషి చర్మంలోకి మందు ఎంత దిగిందో కొలవడానికి ఏ పద్ధతి మంచిది? దానికో పట్టిక వేస్తారు. ఒక వరసలో నేను చేసే ఈ టేప్ స్ట్రిప్పింగ్, ఇంకో వరసలో మైక్రోడయాలిసిస్, కింద బయాప్సీ, పక్కన టిక్కులూ ఇంటూలూ. ఆ పట్టిక చూసినప్పుడల్లా నాకు చిరాకు. పాలు కొలిచే లీటరునీ గుడ్డ కొలిచే మీటరునీ పక్కపక్కన పెట్టి ఏది గొప్పదని అడిగినట్టు ఉంటుంది. మీరు రాసే నియమంలో ఆ పట్టిక ఉన్నా లేకపోయినా నాకు పట్టింపు లేదు గానీ, దానికంటే ముందు రావాల్సిన ఒక వాక్యం మాదిరులు తీసే పద్ధతులకి నేను చూసిన ఏ నియమంలోనూ సరిగా రావట్లేదు, అది అడగడానికే ఈ ఉత్తరం. ఆ వాక్యం ఏంటో చెప్పేముందు నా బాధ కొంచెం వినాలి.

మందు వెళ్లే దారి మీకు తెలిసిందే, అయినా ఒకసారి చెప్పనివ్వండి, ఎందుకంటే గొడవంతా ఆ దారిలోనే ఉంది. పైన స్ట్రాటమ్ కార్నియమ్, చచ్చిన కణాల పొర, ముంజేతి మీద మహా అయితే 10 నుంచి 20 మైక్రాన్లు. అసలు అడ్డుగోడ అదే. దాని కింద బతికున్న ఎపిడెర్మిస్, దగ్గరదగ్గర 50 నుంచి 100 మైక్రాన్లు. ఇంకా కింద డెర్మిస్, ఒకటి రెండు మిల్లీమీటర్లు, రక్తనాళాలు ఉండేది అక్కడ. ఫంగస్ మందుకి పై పొరలో పని. తిమ్మిరెక్కించే మందుకి కింద నరాల దగ్గర పని. హార్మోన్ ప్యాచ్‌కి రక్తంలో పని. ఇప్పుడు "చర్మంలోకి ఎంత దిగింది" అంటే ఎక్కడిదాకా దిగింది అని? ఈ ముక్క తేల్చుకోకుండా కొలవడం మొదలుపెడితే ఎంత జాగ్రత్తగా కొలిచినా వచ్చిన అంకెకి అర్థం ఉండదు.

మొత్తం కథ ఎంత చిన్న మోతాదుల్లో నడుస్తుందో చూడండి. 1 శాతం క్రీమ్‌ని చదరపు సెంటీమీటరుకి 10 మిల్లీగ్రాములు పూశామనుకోండి, అందులో అసలు మందు 100 మైక్రోగ్రాములు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు ముంజేతి మీద హైడ్రోకార్టిజోన్ పూసి, మూత్రంలో బయటికొచ్చింది లెక్కగడితే, లోపలికి దిగింది సుమారు ఒక్క శాతం. అంటే 100లో 1 లోపల, 99 బయట. మనం వెతుకుతున్నది ఆ ఒక్క మైక్రోగ్రాముని. మాదిరి తీసేముందు పైన మిగిలిన క్రీమ్ తుడుస్తాం కదా, ఆ తుడవడంలో మిగులు ఒక్క శాతం ఉండిపోయినా మన జవాబు రెట్టింపైపోతుంది! తుడిచింది పొడి దూదితోనా, సబ్బు నీళ్లతోనా, ఆల్కహాల్‌తోనా అన్నది చాలా పేపర్లలో సగం వాక్యంలో ఉంటుంది, కొన్నిట్లో అదీ ఉండదు. అదే పేపర్లో స్టాటిస్టిక్స్‌కి మాత్రం రెండు పేజీలు.

అదే ప్రయోగంలో వాళ్లు ఒంటి మీద వేర్వేరు చోట్ల కూడా చూశారు. ముంజేయిని 1 అనుకుంటే నుదుటి మీద దాదాపు 6 రెట్లు, దవడ మూల దగ్గర 13, వృషణాల చర్మం మీద 42, అరికాలు దగ్గర ఏడో వంతు. ఒకే మందు, మారింది ఒంటి మీద చోటే. ముంజేతి మీద చేసిన పరీక్షతో ముఖానికి రాసుకునే క్రీమ్‌ని పాస్ చేస్తున్నప్పుడు ఈ అంకెలు ఎవరికైనా గుర్తొస్తాయా అని నాకో అనుమానం.

ఇక నా సొంత పని దగ్గరికి వస్తాను. టేప్ స్ట్రిప్పింగ్ గురించి బయట అందరూ అనుకునేది, సులువు, చవక, నొప్పి లేదు అని. నొప్పి లేదన్న మాట మొదటి పది టేపుల వరకే నిజం. ఇరవయ్యో టేపు దగ్గరికి వచ్చేసరికి చర్మం ఎర్రబడి మెరుస్తుంది, సాయంత్రం స్నానానికి వెళ్తే భగ్గుమంటుంది. నా ముంజేతి మీద నాలుగు గుండ్రటి మచ్చలు కొన్ని వారాలు అలాగే ఉన్నాయి, అడిగినవాళ్లకి చెప్పలేక పొడుగు చేతుల చొక్కాలు వేసుకు తిరిగాను.

సులువు అన్న మాట అసలే నిజం కాదు. టేపుని ఎంత బరువుతో ఒత్తాం, ఎన్ని సెకన్లు ఒత్తాం, గట్టిగా లాగామా మెల్లగానా, ప్రతిసారీ ఒకే దిక్కునుంచేనా, ఇవన్నీ ఒక్కో టేపుకి ఎంత పొట్టు వస్తుందో మార్చేస్తాయి. ఒకావిడ చేతి మీద పదిహేను టేపులకే పొర దాదాపు ఖాళీ అవుతుంది, ఇంకొకాయనకి ముప్ఫై వేసినా ఇంకా మిగిలుంటుంది. అందుకే టేపుల లెక్కని లోతు లెక్కగా రాయకూడదు. టేపుని వేసే ముందూ పీకిన తర్వాతా తూకం వెయ్యాలి, లేదా దానికి అంటుకున్న ప్రొటీన్‌ని కాంతితో కొలవాలి, చర్మం నుంచి నీరు ఎంత ఆవిరవుతోందో పరికరంతో చూసి పొర ఎంత మిగిలిందో అంచనా కట్టాలి. ఇదంతా చేస్తే నలుగురు వాలంటీర్లకి ఒక రోజు పడుతుంది. చెయ్యకపోతే ఒక పూటలో అయిపోతుంది. ఏ పూట పని ఎక్కువ పేపర్లలోకి ఎక్కిందో మీరే ఊహించుకోండి.

ఇంకో తంటా, చర్మం గాజు పలకలా నున్నగా ఉండదు. గీతలూ గాళ్లూ వెంట్రుక కుదుళ్లూ ఉంటాయి. క్రీమ్ ఆ గాళ్లలోకి జారి కూర్చుంటుంది. పదో టేపు మీద దొరికిన మందు పదో పొరలోకి ఇంకిందా, లేక గాడిలో దాక్కున్న పైపూత ఇప్పుడు టేపుకి తగిలిందా? టేపు ఆ సంగతి చెప్పదు. కుదుళ్ల సంగతి విడిగా చూడాలని కొందరు టేపుల తర్వాత సైనోయాక్రిలేట్ జిగురు వేసి కుదుళ్లలోని సరుకుని కూడా పీకి చూస్తారు, అది మంచి ఉపాయమే, కానీ ఆ జిగురు పీకించుకోవడం ఎలా ఉంటుందో నన్నడక్కండి.

దీన్నుంచి జరిగిన పెద్ద గొడవ మీలో పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1998లో ఒక ముసాయిదా ఇచ్చింది. పైపూత మందుల జనరిక్‌లు అసలు మందుతో సమానమా కాదా అన్నది టేప్ స్ట్రిప్పింగ్‌తో తేల్చుకోవచ్చని దాని సారాంశం. ఎంత ఆశ పుట్టిందో! వందలమంది రోగులతో నెలల తరబడి ట్రయల్స్ చెయ్యక్కర్లేదు, కొద్దిమంది వాలంటీర్లు, కొన్ని టేపులు చాలు. తర్వాత రెండు ల్యాబులు అవే ట్రెటినోయిన్ (మొటిమల మందు) జెల్స్‌ని తీసుకుని ఇదే పద్ధతిలో పోల్చాయి. ఒక ల్యాబు చెప్పింది ఇంకో ల్యాబు చెప్పినదానికి పొంతన లేదు. 2002లో ఆ ముసాయిదాని వెనక్కి తీసుకున్నారు.

అప్పట్నుంచీ చాలామంది నోట "టేపు పద్ధతి ఫెయిలైంది" అనే మాటే. నేను ఒప్పుకోను. ఫెయిలైంది మనం. ఎంత వైశాల్యం మీద పూశాం, పూసినచోటే పీకామా లేక పక్కకి పాకిన క్రీమ్‌ని కూడా కలిపి పీకామా, ఎలా తుడిచాం, మొదటి టేపుల్ని పారేశామా లెక్కలోకి తీసుకున్నామా, ఇవేవీ బిగించకుండా పద్ధతికి ఒకే పేరు పెట్టేశాం. పేరు ఒకటే గానీ రెండు ల్యాబుల్లో జరిగింది రెండు వేర్వేరు పనులు. ఆ తర్వాత వచ్చినవాళ్లు అంచులు దాటి పాకకుండా కట్టడి చేసి, తుడవడాన్ని గట్టిగా పట్టించుకుని, పొర పూర్తయ్యేదాకా పీకి, ఎనిమిది వేళల్లో కాకుండా మందు పొరలోకి ఎక్కేటప్పుడు ఒకటి, పొరలోంచి తగ్గేటప్పుడు ఒకటి, రెండే వేళల్లో ఎక్కువ చోట్ల మాదిరి తీసి, అదే పద్ధతిని నిలబెట్టి చూపించారు. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2018లో ఇచ్చిన ముసాయిదాలో ఈ టేపు పద్ధతికి మళ్లీ చోటు దొరికింది. కానీ చెడ్డపేరు ఒకసారి వచ్చాక పోదు కదా.

సరే, పొర నుంచి కిందికి పోదాం. మైక్రోడయాలిసిస్ అంటే వెంట్రుక కంటే కొన్ని రెట్లు లావైన గొట్టం (ప్రోబ్ అంటాం), గోడలో సన్నటి రంధ్రాలున్న పొర, దాన్ని సూది సాయంతో డెర్మిస్‌లో అడ్డంగా దూర్చి, నిమిషానికి ఒకటి రెండు మైక్రోలీటర్ల చొప్పున ద్రవం పంపిస్తూ అవతలి చివర పట్టుకోవడం. పైన క్రీమ్ పూస్తే కిందికి దిగిన మందు ఆ గొట్టంలోకి కొంచెం కొంచెంగా వస్తుంది. అందం ఎక్కడుందంటే, ఒకే చోట, ఒకే మనిషిలో, గంట గంటకీ ఏం జరుగుతోందో కనిపిస్తుంది. టేపు ఒక చోట ఒక్కసారే. ఇది ఫోటోకీ వీడియోకీ ఉన్నంత తేడా.

కానీ ఆ వీడియో మసకగా వస్తుంది, ఎంత మసకో కొలవకుండా చూపిస్తే నమ్మకూడదు. గొట్టంలోకి వచ్చేది బయట ఉన్న మందులో ఒక వంతే. ఆ వంతుని రికవరీ అంటాం. రికవరీ 20 శాతం అయితే, గొట్టంలో మిల్లీలీటరుకి 2 నానోగ్రాములు దొరికితే బయట 10 ఉన్నట్టు. అదే రికవరీ నిజానికి 10 శాతమైతే బయట 20. ద్రవం వేగం పెంచితే రికవరీ పడిపోతుంది, పొర మారితే మారుతుంది, మందు జిడ్డు స్వభావం ఉన్నదైతే గొట్టానికే అంటుకుని అసలు రాదు. ప్రొటీన్‌కి అంటుకున్న మందు కూడా రాదు, ఎందుకంటే అంత పెద్ద అణువు ఆ రంధ్రాల్లో పట్టదు. కాబట్టి ఇది చూపించేది స్వేచ్ఛగా తిరుగుతున్న మందుని మాత్రమే. అదే చోట బయాప్సీ తీసి నూరి కొలిస్తే కణాల్లోదీ ప్రొటీన్‌కి అంటుకున్నదీ పైన ఉండిపోయినదీ అంతా కలిపి వస్తుంది. రెండు అంకెల మధ్య పదుల రెట్ల తేడా వచ్చినా రెండూ నిజమే కావచ్చు. ఇది తెలియక ఒకసారి నేనూ ఒక సీనియర్ సారూ, ఆయన బయాప్సీ వైపు, నేను ప్రోబ్ వైపు, అరుచుకునేదాకా వెళ్లాం. చివరికి తేలిందేంటంటే ఇద్దరం వేర్వేరు ప్రశ్నలకి జవాబు చెప్తున్నాం.

సూది గుచ్చడం కూడా చిన్న విషయం కాదు. గుచ్చగానే ఆ చోట రక్తం పరిగెత్తుకొస్తుంది, ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది. అది సద్దుమణగడానికి కనీసం గంటా గంటన్నర ఆగాలి. ఆగకుండా మొదలుపెడితే మనం కొలిచేది మామూలు చర్మాన్ని కాదు, గాయపడ్డ చర్మాన్ని. రక్తప్రవాహం ఎక్కువుంటే మందు వచ్చింది వచ్చినట్టే కొట్టుకుపోతుంది, తక్కువుంటే అక్కడే పేరుకుంటుంది. ప్రోబ్ ఎంత లోతులో పడిందో అల్ట్రాసౌండ్‌తో చూడాలి, అరమిల్లీమీటరు తేడా కూడా కథ మార్చగలదు. గుచ్చే చెయ్యి ఎవరిదన్నది కూడా ముఖ్యమే, దాన్ని ఏ పేపరూ రాయదు.

2007లో లిడోకెయిన్ (తిమ్మిరెక్కించే మందు) క్రీమ్‌నీ ఆయింట్‌మెంట్‌నీ ఒకే వాలంటీర్ల మీద టేపుతోనూ మైక్రోడయాలిసిస్‌తోనూ పోల్చిన పని ఒకటి బయటికొచ్చింది. నా మటుకు నాకు ఇలాంటి పోలికలు ఇంకా చాలా రావాలి. రెండు పద్ధతులూ క్రీమ్‌నే ముందు నిలబెట్టాయి. కానీ ఎంత ముందు అన్న దగ్గర కలవలేదు, డెర్మిస్‌లో కనిపించిన తేడా పై పొరలో కనిపించినదానికంటే బాగా పెద్దది. దీన్ని చూసి "రెండిట్లో ఒకటి తప్పు" అంటే నేను ఒప్పుకోను. ఒకటి గోడలో ఎంతుందో చూసింది, ఇంకోటి గోడ దాటి గంటల తరబడి ఎంత వచ్చిందో చూసింది. గోడలో ఉన్న సరుకు నుంచి దాటబోయే సరుకుని అంచనా వెయ్యొచ్చని 1980లలో రూజియె బృందం చూపించిన మాట వాస్తవం, పూసిన అరగంటకి పొరలో ఉన్నది చూసి నాలుగు రోజుల్లో ఒంట్లోకి పోయేది చెప్పగలిగారు. కానీ అది కొన్ని పదార్థాలకి, అన్నీ ఒకేలా పూసిన పరిస్థితుల్లో. క్రీమ్ బదులు ఆయింట్‌మెంట్ వచ్చి, అందులోని ద్రావకం చర్మాన్నే మార్చేస్తుంటే ఆ లెక్క అలాగే నిలబడాలని ఏముంది?

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు ముక్కకి వస్తాను. దానికి ఓపెన్ ఫ్లో మైక్రోపెర్ఫ్యూజన్ కావాలి. ఇది మైక్రోడయాలిసిస్‌కి చెల్లెలు లాంటిది, కాకపోతే గొట్టానికి సన్నరంధ్రాల పొర బదులు పెద్ద పెద్ద కంతలుంటాయి. కాబట్టి జిడ్డు మందులూ, ప్రొటీన్‌కి అంటుకున్నవీ, పెద్ద అణువులూ అన్నీ వస్తాయి. ప్రొటీన్లూ కలిసి వస్తాయి గనక తర్వాత శుభ్రం చేసుకునే చాకిరీ మాలాంటివాళ్లకి మిగులుతుంది, అది వేరే సంగతి. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం వాళ్లు దీనితో 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. అసైక్లోవిర్ (హెర్పిస్ పుండ్ల మందు) క్రీమ్, 20 మంది ఆరోగ్యవంతులు, తొడల మీద పూత, 36 గంటలపాటు మాదిరులు. నాకు అందులో నచ్చింది పరికరం కాదు. వాళ్లు చేసిన ఏర్పాటు. ప్రతి మనిషి మీదా రిఫరెన్స్ క్రీమ్‌ని, అంటే పోలికకి ప్రమాణంగా పెట్టుకున్న అసలు క్రీమ్‌ని, రెండు వేర్వేరు చోట్ల పూశారు, వేరే ఫార్ములా ఉన్న క్రీమ్‌ని ఇంకో చోట పూశారు. రిఫరెన్స్‌ని రిఫరెన్స్‌తోనే పోలిస్తే సమానమే అని రావాలి. వచ్చింది, సమానం అనడానికి పెట్టుకున్న 80 నుంచి 125 శాతం గీతల మధ్యే నిలిచింది. వేరే క్రీమ్‌తో పోలిస్తే గీత దాటింది.

ఇదీ నాకు కావాల్సింది. సరుకు తూచే ముందు రెండు పళ్లేలూ ఖాళీగా పెట్టి ముల్లు నడిమధ్యన నిలుస్తుందా లేదా అని ఎవరైనా చూస్తారు. చర్మం పరీక్షల్లో మనం చాలాసార్లు ఆ పని చెయ్యం! నేరుగా ఈ పళ్లెంలో జనరిక్, ఆ పళ్లెంలో అసలు మందు పెట్టేసి, ముల్లు వంగితే మందుల్లో తేడా ఉందంటాం, వంగకపోతే సమానం అంటాం. త్రాసే వంకరైతే? త్రాసు తుప్పుపట్టి అసలు కదలకపోతే? తుప్పుపట్టిన త్రాసు మీద ఏ రెండు క్రీములైనా సమానమే. అది ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి నేను అడిగే వాక్యం ఇది. ఏ పద్ధతైనా సరే, అది టేపా ప్రోబా బయాప్సీయా ఫ్రాంజ్ సెల్లా అన్నదానితో పని లేకుండా, ఆ ల్యాబులో, ఆ మనుషుల మీద, ఆ అధ్యయనంలోనే ఒకే సరుకుని దానితోనే పోల్చి సమానమని చూపించాలి, తేడా ఉందని ముందే తెలిసిన సరుకుతో పోల్చి తేడా పట్టుకోవాలి. ఈ రెండూ చెయ్యలేని అధ్యయనంలో మూడో పోలికని, అంటే జనరిక్‌కీ అసలు మందుకీ మధ్య పోలికని, చదవకూడదు. ఎప్పుడో ఏదో ల్యాబు చేసి చూపించింది కదా అంటే కుదరదు, ట్రెటినోయిన్ జెల్స్ దగ్గర మనం నేర్చుకోవాల్సింది సరిగ్గా అదే.

దీనికి ఖర్చవుతుంది, తెలుసు. మనిషికి రెండు చోట్లు ఎక్కువ, మాదిరులు దాదాపు రెట్టింపు. అవి కొలవాల్సింది నేనే, కాబట్టి ఈ భారం ఊరికే పక్కవాడి నెత్తిన పెట్టి మాట్లాడట్లేదు.

మిగతా పద్ధతుల మీద ఎక్కువ చెప్పను. పంచ్ బయాప్సీ నిజాయితీగల పద్ధతే, మూడు నాలుగు మిల్లీమీటర్ల చర్మం ముక్క చేతికొస్తుంది, కానీ ఒక వేళకి ఒక ముక్క, ప్రతి ముక్కకీ ఒక మచ్చ. కోసేటప్పుడు బ్లేడు పై క్రీమ్‌ని కిందికి లాక్కెళ్తుంది, అది ఎవరూ తప్పించలేరు, తగ్గించగలరంతే. ఒక మనిషికి పన్నెండు మచ్చలు పెట్టి గ్రాఫు గీయడాన్ని ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుంది? ఒప్పుకోకూడదు కూడా. సక్షన్ బ్లిస్టర్ అంటే గాలి లాగేసి బొబ్బ లేపడం. గంటా రెండు గంటలు పడుతుంది, ఎపిడెర్మిస్ పైకప్పులా లేస్తుంది, కింద ద్రవం చేరుతుంది, రెండూ విడివిడిగా కొలవచ్చు. బాగుంది, కానీ ఆ రెండు గంటల్లో మందు ఎక్కడున్నది అక్కడే ఉంటుందా? కాబట్టి నిమిషాల్లో జరిగే మార్పుల్ని దీనితో చూడలేం. రామన్ కాంతితో, అంటే అణువులు కాంతిని వెదజల్లే తీరునిబట్టి వాటిని గుర్తుపడుతూ, చర్మాన్ని ముట్టుకోకుండానే లోతు లోతుకీ చూసే పద్ధతి నాకు చాలా ఇష్టం, వాలంటీరు కూడా హాయిగా కూర్చుంటాడు. అయితే మందు తన గుర్తు తను బలంగా చూపించగలగాలి, చర్మం సొంత గుర్తుల్లో కలిసిపోకూడదు. అన్ని మందులకీ ఆ అదృష్టం ఉండదు.

స్టెరాయిడ్ క్రీములకి ఒక వెసులుబాటు ఉంది, చర్మాన్ని తెల్లబరుస్తాయి. 1962లో మెకెంజీ, స్టౌటన్ ఆ తెల్లదనాన్నే కొలతగా వాడారు, ఇప్పటికీ వాడుతున్నాం. ఇక్కడ మాదిరే తియ్యం, మందు పనిని చూస్తాం. ఇది చాలా పాతది, అన్నిట్లోకీ తక్కువ తిట్లు తిన్నది. ఎందుకో తెలుసా? ఎంత మోతాదుకి ఈ మనిషి చర్మం స్పందిస్తుందో ముందు చూసుకుని, స్పందించేవాళ్లనే లెక్కలోకి తీసుకోవాలని ఎఫ్‌డీఏ 1995 నాటి నియమంలోనే రాశారు. త్రాసు ముందు చూడటం అంటే అదే. ఒక్క స్టెరాయిడ్లకే ఆ బుద్ధి ఎందుకు?

ఫ్రాంజ్ సెల్స్ దగ్గర కాసేపు ఆగాలి. ఆపరేషన్లలో తీసేసిన చర్మాన్ని పలచగా కోసి, రెండు గాజు గదుల మధ్య బిగించి, పైన మందు పూసి, చర్మం పైభాగం 32 డిగ్రీల దగ్గర ఉండేలా చూసుకుంటూ కింది ద్రవంలోకి ఎంత వచ్చిందో చూస్తాం. థామస్ ఫ్రాంజ్ 1975లో ఈ గాజు సెల్‌తో పని ప్రచురించినప్పట్నుంచీ ఒకటే విమర్శ, ఇందులో రక్తం లేదు, ప్రాణం లేదు, బతికున్న మనిషిలో వచ్చే ఫలితం రాదు అని. 2011లో ఒక బృందం పాత అధ్యయనాలన్నీ తిరగేసి, గాజులో వచ్చిన అంకెనీ మనిషిలో వచ్చిన అంకెనీ జతలు జతలుగా పెట్టి చూసింది. అన్నిటినీ కలిపేస్తే నిష్పత్తి ఐదో వంతు కంటే తక్కువ నుంచి దాదాపు ఇరవై రెట్ల దాకా చెల్లాచెదురుగా ఉంది. అది చూస్తే ఎవరైనా గాజు సెల్స్‌ని బయట పారేస్తారు. కానీ పూసిన మోతాదు, ఒంటి మీద చోటు, ఫార్ములా, సమయం అన్నీ రెండు వైపులా ఒకేలా ఉన్న 11 జతల్ని మాత్రం విడదీస్తే సగటు నిష్పత్తి 0.96. దాదాపు ఒకటికి ఒకటి!

ఆ అంకె చూసిన రోజు నేను కుర్చీలోంచి లేచి ఒక రౌండు కొట్టి వచ్చాను. పద్ధతుల మధ్య తేడా అనుకుంటూ మనం కొట్టుకున్నదాంట్లో ఎంత భాగం పూసే పద్ధతిలో తేడా, వేళలో తేడా, చర్మం తీసిన చోటులో తేడా! గాజుకి దాని లోపాలు ఉన్నాయి, జిడ్డు మందులు కింది ద్రవంలోకి దిగకుండా డెర్మిస్‌లో ఇరుక్కుంటాయి, ఫ్రీజర్లో పెట్టిన చర్మంలో ఎంజైములు చచ్చిపోతాయి, ఒక దాత చర్మానికీ ఇంకో దాత చర్మానికీ చాలా తేడా. అవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఎఫ్‌డీఏ 2022 ముసాయిదాలో గాజు సెల్స్‌కి రాసినంత వివరంగా, ముందు పద్ధతి తేడాని పట్టగలదో లేదో చూపించు, ఆ తర్వాతే అసలు పోలిక చెయ్యి అని రాసినంత గట్టిగా, బతికున్న మనిషి నుంచి మాదిరి తీసే పద్ధతులకి రాయడం నేను చూడలేదని నా ఫిర్యాదు.

రక్తం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే "ఇవన్నీ ఎందుకు, రక్తంలో చూస్తే పోలేదా" అనేవాళ్లు మీ గదిలో తప్పకుండా ఒకరుంటారు. ప్రశ్న భద్రత గురించైతే ఆయన చెప్పింది కరెక్టే. 2019లో ఎఫ్‌డీఏ వాళ్లే సన్‌స్క్రీన్ల మీద చేశారు, 24 మంది, ఒంట్లో 75 శాతం మేర, చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు, రోజుకి నాలుగుసార్లు, నాలుగు రోజులు. రక్తంలో మిల్లీలీటరుకి 0.5 నానోగ్రాముల గీతని ఆ పదార్థాలు దాటేశాయి. అది దాటితే విషప్రభావం ఉందని కాదు, ఇంకా పరీక్షలు అవసరమని. టేపుతో ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. అదే, అరచేతంత చోట పూసిన ఫంగస్ క్రీమ్ పనిచేసే పొరలోకి చేరిందా అని రక్తాన్ని అడిగితే రక్తం ఏం చెప్తుంది? చాలాసార్లు ఏమీ కనిపించదు. కనిపించకపోవడాన్ని చేరలేదు అని చదివితే తప్పు మనదే.

ఇంకో రెండు మాటలు. పరీక్షలన్నీ నున్నటి ఆరోగ్యమైన చర్మం మీద చేస్తాం, మందేమో పగిలిన, పొలుసులు కట్టిన, మంటెక్కిన చర్మం మీద పూస్తారు. గోడే కూలిపోయిన చోట గోడ దాటడాన్ని ఎలా కొలుస్తారు? సోరియాసిస్ మచ్చ మీద టేపు వేస్తే వచ్చేది మందుకంటే పొలుసులే ఎక్కువ. రోగుల చర్మం మీద ప్రోబ్ పద్ధతులు మెరుగ్గా పనికొస్తాయని నా అంచనా, కానీ అక్కడ గుచ్చించుకోవడానికి ఒప్పుకోమని అడగడం ఎంత కష్టమో అడిగినవాళ్లకే తెలుసు. ఇది తేలికగా తెగే ముడి కాదు, కనీసం ఫలితం కింద "ఆరోగ్యమైన చర్మం మీద మాత్రమే" అన్న ముక్క పెద్దక్షరాల్లో ఉండేలా చూడండి.

రెండోది మొత్తం లెక్క. పూసింది ఎంత, తుడిస్తే వచ్చింది ఎంత, టేపుల్లో ఎంత, కింద ఎంత, చేతి తొడుక్కి అంటుకున్నది ఎంత, అన్నీ కూడితే పూసినదానికి దగ్గరగా రావాలి. గాజు సెల్స్‌లో ఇది చెయ్యడం అలవాటే, ఓఈసీడీ అనే దేశాల కూటమి 2004లో ఇచ్చిన 428వ మార్గదర్శకంలోనే ఉంది. మనిషి మీద చేసేటప్పుడు మాత్రం సగం లెక్క గాలికి వదిలేస్తాం. నేను పనిచేసిన ఒక చోట ఒకసారి కూడితే 130 శాతం వచ్చింది. పూసినదానికంటే ఎక్కువ మందు దొరికింది! ఎవరో డోసు తూచేటప్పుడు సిరంజిలో మిగిలినదాన్ని తీసెయ్యలేదని తర్వాత బయటపడింది. ఆ రోజు లెక్క కూడకపోయి ఉంటే ఆ అంకెలు అలాగే అచ్చయ్యేవి, మంచి గ్రాఫు కూడా వచ్చేది.

ఈ లేఖకి జవాబు రాయకపోయినా బాధపడను. తర్వాతి ముసాయిదా వచ్చినప్పుడు దాన్ని తెరిచి నేను మొదట వెతికేది ఒక్కటే, రిఫరెన్స్‌ని రిఫరెన్స్‌తో పోల్చమని ఎన్నో పేజీలో రాశారు, "చేస్తే మంచిది" అని రాశారా, "తప్పనిసరి" అని రాశారా. రేపు పొద్దున నా ట్రేలో మూడు వందల ఎనభై టేపులు ఎదురుచూస్తున్నాయి, అందులో మూడో వంతు రిఫరెన్స్‌తో రిఫరెన్స్ పోలికవే. ఎవరూ అడగలేదు, మేమే వేశాం. మా పైవాళ్లు బిల్లు చూసి ఇది ఎందుకని అడిగితే చూపించడానికి మీ దగ్గర్నుంచి ఒక వాక్యం ఉంటే బాగుండు.

ఇట్లు,
టేపులు పీకే ఒక ల్యాబు ఉద్యోగి